కారుకు పెద్ద ఆల్టర్నేటర్ నిజంగా కావాలా? మీటరు పెట్టి తేల్చుకునే పద్ధతి

ఏసీ వేయగానే హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి. కొత్త ఆంప్లిఫయర్ పెట్టాక రాత్రిపూట బేస్ కొట్టినప్పుడల్లా డాష్‌బోర్డు లైటు రెపరెపలాడుతోంది. రెండేళ్లు తిరక్కముందే బ్యాటరీ పోయింది. ఈ మూడింట్లో ఏది చెప్పినా షెడ్లో మొదట వినబడే మాట, 'డైనమో చాల్లేదు, పెద్దది వేసేద్దాం' అని. ఇంజిన్ బెల్టుతో తిరిగి కారుకు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ను మన తిరుపతి, చిత్తూరు షెడ్లలో ఇప్పటికీ డైనమో అనే పిలుస్తారు. మాటతో పేచీ లేదు. కొలవకుండా మార్చేయడమే డబ్బు దండగ. ట్యాంకుకు చిల్లు పడితే బోరుకు పెద్ద మోటరు దించినట్టు అవుతుంది ఆ పని. చాలా కార్లలో లోపం ఎర్తు వైర్లోనో, బెల్టులోనో, బ్యాటరీలోనో దొరుకుతుంది. కొన్నింట్లో మాత్రం డైనమో నిజంగానే చాలదు. ఏది ఏమిటో మీటరు పెట్టి గంటన్నరలో తేల్చవచ్చు.

ప్లేటు మీది అంకె ఎప్పుడు నిజం

ఆల్టర్నేటర్ ఒంటి మీద 14 వోల్టులు, 90 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. ఆ 90 అనేది ఆల్టర్నేటర్ తనంత తాను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతూ, ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు ఇచ్చే కరెంటు. ఇంజిన్ పుల్లీ పెద్దది, ఆల్టర్నేటర్ పుల్లీ చిన్నది కాబట్టి ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే ఇది రెండున్నర నుంచి మూడు చుట్లు తిరుగుతుంది. ఐడిలింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, ఇంజిన్ 800 దగ్గర ఉంటే ఆల్టర్నేటర్ 2000 నుంచి 2400 మధ్య ఉంటుంది. ఆ వేగంలో ప్లేటు అంకెలో సగం వస్తే గొప్ప. బానెట్ కింద వేడికి రాగి తీగ నిరోధం పెరిగి అందులోంచి ఇంకో 15, 20 శాతం పోతుంది. అంటే మే నెల మధ్యాహ్నం రేణిగుంట రోడ్డులో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారులో 90 ఆంపియర్ల ఆల్టర్నేటర్ ఇచ్చేది 35, 40.

కొన్ని కంపెనీల ప్లేట్ల మీద 45-90 అని రెండంకెలు ఉంటాయి. మొదటిది తక్కువ వేగంలో, అంటే 1800 చుట్ల దగ్గర ఇచ్చేది. రెండోది 6000 దగ్గరిది. కొనేటప్పుడు చూడాల్సింది ఆ మొదటి అంకె. దుకాణాల్లో మాత్రం అందరూ రెండోదే చెబుతారు.

దీన్నిబట్టి మన ప్రాంతానికి ఒక సంగతి తెలుస్తుంది. తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు డైనమో మీద భారం ఎక్కువని చాలామంది అనుకుంటారు. నిజానికి రెండో గేరులో, మూడో గేరులో ఇంజిన్ 2500, 3000 చుట్ల మీద ఉంటుంది కాబట్టి అక్కడ డైనమో నిండుగా ఇస్తుంది. దిగేటప్పుడు కూడా అంతే. ఇంజిన్ బ్రేకింగ్ మీద చిన్న గేరులో దిగుతుంటే ఛార్జింగ్ బాగా ఎక్కుతుంది. (న్యూట్రల్లో వేసి దిగేవాళ్లకు ఆ లాభం ఉండదు. పైగా అది ప్రాణాంతకం.) లోటు పడేది అలిపిరి చెకింగ్ క్యూలో, లీలామహల్ సర్కిల్ దగ్గర, ఘాట్‌కు పెట్టిన కనీస సమయం నిండలేదని పక్కన ఆపి ఏసీ వేసుకుని కూర్చున్నప్పుడు. కాబట్టి 'నా కారుకు 90 చాలుతుందా' అని కాకుండా, 'ఇంజిన్ వేడెక్కి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు నాకు కావాల్సినంత వస్తోందా' అని అడగాలి.

కాగితం మీద లెక్క

వాట్లను 13.5తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 75 ఆంపియర్ల ఆల్టర్నేటర్, 35 ఏహెచ్ (ఆంపియర్-గంటల) బ్యాటరీ ఉన్న ఒక చిన్న పెట్రోల్ కారును రాత్రి అలిపిరి క్యూలో నిలబెట్టి చూద్దాం. ఇంజిన్ కంప్యూటరు, ఇంజెక్టర్లు, కాయిళ్లు, పెట్రోల్ పంపు కలిపి 10 ఆంపియర్లు. లో బీమ్ బల్బులు రెండు 55 వాట్లవి, వెనక లైట్లు, నంబరు ప్లేటు లైటుతో కలిపి మరో 10. ఏసీ బ్లోయర్ నాలుగో స్పీడులో 12. కంప్రెసర్ క్లచ్ 4. రేడియేటర్ ఫ్యాను ఆగుతూ తిరుగుతూ సగటున 10. స్టీరియో, రెండు ఫోన్ ఛార్జర్లు 4. క్యూలో కాలు బ్రేకు మీదే ఉంటుంది కాబట్టి బ్రేకు లైట్లు 3. మొత్తం 53.

వేడి ఐడిలింగ్‌లో ఆ ఆల్టర్నేటర్ ఇచ్చేది 32 దాకా. మిగతా 21 ఆంపియర్లు బ్యాటరీలోంచి పోతాయి. అరగంట క్యూ అంటే పదిన్నర ఆంపియర్-గంటలు, 35 ఏహెచ్ బ్యాటరీలో దాదాపు 30 శాతం. ఆ తర్వాత ఘాట్ మీద ఇంజిన్ వేగంగా తిరుగుతుంటే వేడిలో కూడా 62 దాకా వస్తుంది. బ్రేకు లైట్లు పోగా వాడకం 50. బ్యాటరీకి 12 ఆంపియర్లు మిగులుతాయి. కొండ ఎక్కడానికి పెట్టిన కనీస సమయం 28 నిమిషాలు. ఆ లోపల పోయినదాంట్లో సగం తిరిగి వస్తుంది. సొంత కారుకు ఇది ఏ ఇబ్బందీ కాదు. రోజుకు మూడు ట్రిప్పులు కొట్టే ట్యాక్సీ అయితే బ్యాటరీ ఎప్పుడూ సగం ఆకలితోనే ఉండి, పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, ఏడాదిన్నరకే చస్తుంది.

ఇక్కడ ఆల్టర్నేటర్ కొనకముందే చేయగలిగింది ఉంది. ఆగినప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేసి కాలు తీస్తే 3 మిగులుతాయి. బ్లోయర్ రెండో స్పీడుకు తగ్గిస్తే 5. పూర్తిగా ఆగి ఉన్నప్పుడు హెడ్‌లైట్ తీసి పార్కింగ్ లైట్ మీద ఉంచితే 8. లెక్క 53 నుంచి 37కు దిగింది, లోటు 21 నుంచి 5కు వచ్చింది. ఖర్చేమీ లేదు.

మీ కారులో పైనుంచి పెట్టినవాటిని ఇలాగే కూడండి. ఫాగ్ ల్యాంపుల జత 55 వాట్లవైతే 8 ఆంపియర్లు. కారు ఫ్రిజ్ నడిచేటప్పుడు 4, 5. ఇన్వర్టర్ మీద 500 వాట్ల వస్తువు పెడితే, ఇన్వర్టర్ 15 శాతం తానే తింటుంది కాబట్టి, దగ్గర దగ్గర 44. ఆంప్లిఫయర్ డబ్బా మీది వాట్లు నమ్మకండి, దాని ఫ్యూజులు చూడండి. ఫ్యూజుల మొత్తంలో మూడో వంతు మామూలు పాటకు, సగం గట్టిగా వినేవాళ్లకు సరిపడే సగటు. హారన్, పవర్ విండోలు, డీజిల్ బండ్లలో గ్లో ప్లగ్గులు ఈ లెక్కలోకి రావు. అవి లాగేది ఎక్కువే అయినా క్షణాలే కాబట్టి ఆ పని బ్యాటరీ చూసుకుంటుంది. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ కూడా అంతే. పార్కింగ్‌లో చక్రం తిప్పినప్పుడు ఒక్కసారిగా 40, 50 ఆంపియర్లు లాగుతుంది, ఆ క్షణం లైటు కాస్త మసకబారితే అది జబ్బు కాదు.

ముందు బ్యాటరీ సంగతి

రాత్రంతా కారు ఆపి, పొద్దున తాళం తిప్పకముందే బ్యాటరీ మీద మల్టీమీటరు పెట్టండి. 12.6 వోల్టుల పైన ఉంటే నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పావు. 12.2 అంటే సగం. అంతకన్నా తక్కువైతే మిగతా పరీక్షలన్నీ తప్పు చెబుతాయి. ముందు బయట ఛార్జర్ మీద నింపాలి, 45 ఏహెచ్ బ్యాటరీ అయితే నాలుగైదు ఆంపియర్ల మీద పది గంటలు. ఖాళీ బ్యాటరీని బండి నడిపే నింపుదాం అనుకోకండి. అది గంటల తరబడి ఆల్టర్నేటర్‌ను నిండా పిండుతుంది, దాని లోపల ఏసీ కరెంటును డీసీగా మార్చే డయోడ్లు కాలేది అప్పుడే.

నింపాక స్టార్ట్ చేస్తూ మీటరు చూడండి. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కిందికి పడిపోతే బ్యాటరీ ముసలిదైంది. మన ఎండలకు బ్యాటరీలు తొందరగా పోతాయి. వేడికి లోపల తుప్పు త్వరపడుతుంది, నీళ్లు ఆవిరవుతాయి. పక్కనే కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ ఉన్నంత మాత్రాన మన ఊరి వేడి వాటిని వదలదు.

రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతుంటే తప్పు ఆల్టర్నేటర్ సైజుది కాదు. ఎక్కడో దొంగ కరెంటు పోతోంది. అన్నీ ఆపి, తలుపులు లాక్ చేసి, అరగంటకు కారు నిద్రపోయాక నెగటివ్ వైరు దగ్గర కొలిస్తే 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. ట్యాక్సీల్లో జీపీఎస్ ట్రాకర్లు, పార్కింగ్ మోడ్‌లో నడిచే డాష్‌క్యామ్‌లు ఇక్కడ దొరుకుతాయి.

అసలు పరీక్ష

దీనికి డీసీ, అంటే బ్యాటరీ కరెంటును, వైరు చుట్టూ తగిలించి కొలిచే క్లాంప్ మీటర్ కావాలి. ఇంటి కరెంటు పని చేసేవాళ్ల దగ్గర ఉండే చౌక క్లాంప్‌లు చాలావరకు ఏసీ, అంటే ఇంటి కరెంటు, ఒక్కటే కొలుస్తాయి. బ్యాటరీ వైరుకు వేస్తే సున్నా చూపి మోసం చేస్తాయి. డీసీది రెండు మూడు వేలకు వస్తుంది. మీ ఎలక్ట్రీషియన్ దగ్గర లేకపోతే, పెద్ద ఆల్టర్నేటర్ గురించి ఆయన చెప్పేది ఊహే.

ఇరవై నిమిషాలు కారు నడిపి, మధ్యాహ్నం ఎండలో ఆపండి. ఇంజిన్ ఆపి, హెడ్‌లైట్ వేసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కు వచ్చే వైర్లన్నిటినీ కలిపి క్లాంప్ వేయండి. ఒక్క వైరు బయట మిగిలినా లెక్క తప్పుతుంది. క్లాంప్ వేసే ముందు సున్నా బటన్ నొక్కడం మరచిపోవద్దు. ఇప్పుడు కనిపించే గుర్తు ప్లస్సో మైనస్సో చూసి పెట్టుకోండి, అది బ్యాటరీలోంచి బయటికి పోతున్న దిక్కు. ఇంజిన్ స్టార్ట్ చేయండి. గుర్తు తిరగబడి బ్యాటరీలోకి కరెంటు ఎక్కుతూ కనిపించాలి. ఒకట్రెండు నిమిషాల్లో అది తగ్గుతూ వస్తుంది.

ఇప్పుడు మీరు నిజంగా వాడేవన్నీ వేయండి. బ్లోయర్ నిండుగా, ఏసీ, లో బీమ్, వైపర్, వెనక అద్దం డీఫాగర్, మీ ఆంప్లిఫయర్, మీ లైట్లు. ఐడిలింగ్‌లోనే అయిదు నిమిషాలు వదిలి, అర నిమిషానికోసారి అంకె రాసుకోండి. పక్కనే బ్యాటరీ మీద వోల్టులు కూడా.

కరెంటు బ్యాటరీలోకే పోతూ, వోల్టులు 13.2 పైన ఉంటే విషయం అక్కడే ముగిసింది, పెద్ద ఆల్టర్నేటర్ వద్దు. రేడియేటర్ ఫ్యాను అందుకున్నప్పుడు మాత్రమే బయటికి పోయి, ఆగగానే తిరిగి లోపలికి వస్తుంటే కూడా వద్దు. ఫ్యాను ఆగినా అయిదు, పది ఆంపియర్లు నిలకడగా బయటికే పోతుంటే లోటు ఉంది. అప్పుడు ఆక్సిలరేటర్ మీద 1500 దగ్గర నిలపండి. గుర్తు తిరగబడితే ఆల్టర్నేటర్ ఆరోగ్యం బాగానే ఉంది, లోటు ఐడిలింగ్‌లోనే. 2500లో కూడా బ్యాటరీ ఖాళీ అవుతూనే ఉంటే క్లాంప్‌ను ఆల్టర్నేటర్ వెనక ఉండే లావు వైరుకు, అంటే బీ ప్లస్ వైరుకు మార్చండి. వోల్టులు 12.8కి పడిపోయి, 90 ఆంపియర్ల ఆల్టర్నేటర్ 40 దగ్గరే నిలిచిపోతే అది చిన్నది కాదు, జబ్బుపడింది. 80 పైన ఇస్తూ కూడా చాలకపోతే అప్పుడు నిజంగా చిన్నది.

రెండు జాగ్రత్తలు. ఎండాకాలం 14.4కు బదులు 13.6 చూపితే కంగారు పడొద్దు. వేడెక్కేకొద్దీ, ఆల్టర్నేటర్ వోల్టులను అదుపు చేసే రెగ్యులేటర్ బ్యాటరీ ఉడికిపోకుండా కావాలనే వోల్టులు తగ్గిస్తుంది. అలాగే కొత్త కార్లలో ఛార్జింగ్‌ను ఇంజిన్ కంప్యూటరే నడుపుతుంది. బ్యాటరీ నిండి ఉంటే ఇంధనం మిగిల్చేందుకు 12.6 దాకా దించేస్తుంది. హెడ్‌లైటు, బ్లోయర్ వేసి కొలిస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

ఇంకోటి. నడుస్తున్న ఇంజిన్ మీద బ్యాటరీ టెర్మినల్ పీకి, బండి ఆగకపోతే డైనమో మంచిదే అని తేల్చే పాత పద్ధతి మన షెడ్లలో ఇంకా ఉంది. ఎవరినీ చేయనివ్వకండి. బ్యాటరీ తప్పుకోగానే వోల్టులు ఒక్కసారిగా ఎగిరి రెగ్యులేటర్‌ను, డయోడ్లను, కొన్నిసార్లు ఇంజిన్ కంప్యూటర్‌నూ కాలుస్తాయి. కార్బ్యురేటర్ బండికి సాగిన పరీక్ష ఇంజెక్టర్ కారుకు పనికిరాదు.

ఆల్టర్నేటర్ మీదికి నెట్టే ఇతరుల నేరాలు

అన్ని లోడ్లూ వేసి, 2000 చుట్ల మీద, మీటరు ఒక కొసను ఆల్టర్నేటర్ బీ ప్లస్ బోల్టు మీద, రెండో కొసను బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. 0.2 వోల్టు దాటితే ఆ వైరో, దాని కొసన ఉండే లగ్గో, మధ్యలో ఫ్యూజో కరెంటు తింటోంది. తర్వాత ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కు. ఇది 0.1 మించకూడదు. చాలా కార్లలో దొరికే లోపం ఇదే. ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే అల్లిన ఎర్తు పట్టీ ఆకుపచ్చగా చిలుముపట్టి ఉంటుంది. దాన్ని విప్పి, బోల్టు కింద పెయింటు గీకి, కొత్తది బిగిస్తే హెడ్‌లైటు వెలుగు అక్కడికక్కడే మారుతుంది.

బెల్టు సంగతి చెవితోనే తెలుస్తుంది. అన్నీ వేసిన క్షణం కీచుమంటే జారుతోంది. చప్పుడు లేకుండా జారే బెల్టులూ ఉంటాయి. లోపలి గాళ్లు అద్దంలా మెరుస్తుంటే, పుల్లీ చేయి పెట్టలేనంత కాలుతుంటే అదే. చాలా డీజిల్ కార్లలో ఆల్టర్నేటర్ పుల్లీలో ఒకవైపే తిరిగే క్లచ్ ఉంటుంది. అది పాడైనా ఛార్జింగ్ తగ్గుతుంది.

డయోడ్ల కోసం మీటరును ఏసీ వోల్టులకు మార్చి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద చూడండి. 0.1 లోపు మంచిది. 0.5 దగ్గరికి వస్తే ఒకటో రెండో డయోడ్లు పోయాయి. స్టీరియోలో ఇంజిన్ వేగంతో పెరిగే ఈల, బ్యాటరీ గుర్తు లైటు సన్నగా వెలగడం కూడా దీని లక్షణాలే. కార్బన్ బ్రష్‌లు అయిదు మిల్లీమీటర్ల కన్నా పొట్టిగా అరిగితే మార్చాలి. బ్రష్‌లు, బేరింగ్‌లు, రెగ్యులేటర్ (దాన్నే కటౌట్ అంటారు) మారిస్తే పాత ఆల్టర్నేటరే తన పూర్తి బలానికి వస్తుంది. 2021 నవంబరు వరదల్లాంటి నీళ్లలో మునిగిన కారైతే, పైకి బాగానే ఛార్జింగ్ ఇస్తున్నా ఒకసారి విప్పి బ్రష్‌లు రాసుకునే స్లిప్ రింగులు, బేరింగ్‌లు చూడాల్సిందే.

ఎవరికి కావాలి, ఎవరికి వద్దు

చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా బెంగళూరుకో, తిరుపతి నుంచి చెన్నైకో రాత్రిపూట తిరిగేవాళ్లు రెండు ఫాగ్ ల్యాంపులు పెట్టారని ఆల్టర్నేటర్ మార్చనక్కర్లేదు. హైవే మీద అది దాదాపు నిండుగా ఇస్తూనే ఉంటుంది, 8 ఆంపియర్లు లెక్కలోకి రావు. అయినా వెలుగు చాలకపోతే హెడ్‌లైట్లకు రిలేతో నేరుగా బ్యాటరీ నుంచి వైరు లాగించండి. స్విచ్చులో, సన్న వైర్లలో పోయే వోల్టు మిగులుతుంది.

నిజంగా కావాల్సింది లోడు ఎక్కువగా, కదలిక తక్కువగా ఉండే బండ్లకు. గంగమ్మ జాతర వేళ, ఎన్నికల వేళ వీధుల్లో నడక వేగంతో తిరిగే ప్రచార వాహనాన్ని తీసుకోండి. డీజిల్ బండి సొంత వాడకం 8, మైకు ఆంప్లిఫయర్ సగటున 20, లైట్ల తోరణాలు 10, స్క్రీను కోసం ఇన్వర్టర్ 44, మొత్తం 82. 90 ఆంపియర్ల ఆల్టర్నేటర్ ఆ వేగంలో ఇచ్చేది 40 దాకా. గంటకు 42 ఆంపియర్-గంటలు పోతే 75 ఏహెచ్ బ్యాటరీ గంట తిరిగేలోపే సగం దాటిపోతుంది. 150 అని రాసి ఉన్నది వేసినా ఐడిలింగ్‌లో 65, 70 దగ్గరే ఆగవచ్చు. కాబట్టి ఇక్కడ మా సలహా స్క్రీన్‌ను చిన్న పెట్రోల్ జనరేటర్ మీదికి మార్చమని. అప్పుడు మిగిలే 38కి ఉన్న ఆల్టర్నేటరే ఒడ్డెక్కిస్తుంది. జనరేటర్ కుదరకపోతే 1800 చుట్ల దగ్గరే 85, 90 ఇచ్చే ఆల్టర్నేటర్ వెతకాలి, లేదా ఐడిలింగ్ 1000 దాటించాలి.

వెనక ఏసీ, ఫ్రిజ్, టీవీ పెట్టుకున్న యాత్రికుల టెంపో ట్రావెలర్లు, వెయ్యి వాట్లు దాటిన ఆడియో పెట్టి ఆగిన చోట వినేవాళ్లు కూడా ఈ జాబితాలోకే వస్తారు. ఆగినప్పుడే వాడతామంటే, ఇంజిన్ ఆపినప్పుడు ఏ ఆల్టర్నేటరూ ఉపయోగపడదు కాబట్టి, ఐసోలేటర్‌తో (మొదటి బ్యాటరీ ఖాళీ కాకుండా రెండింటినీ వేరు చేసేది) రెండో బ్యాటరీ మేలు. వారంటీలో ఉన్న కారైతే ఆల్టర్నేటర్ ముట్టుకునే ముందు సర్వీస్ సెంటర్లో రాతపూర్వకంగా అడగండి.

పెద్ద ఆల్టర్నేటర్ వేస్తే ఎక్కువ కరెంటు వచ్చి బల్బులు, వైరింగ్ కాలిపోతాయన్న భయం అక్కర్లేదు. వోల్టులు రెగ్యులేటర్ చేతిలో ఉంటాయి, ప్రతి వస్తువూ తనకు కావాల్సినంతే లాగుతుంది. కాలేది ఒక్కటే, ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి పోయే పాత వైరు. దాని సంగతి కింద ఉంది. మైలేజీ కూడా ఆల్టర్నేటర్ సైజును బట్టి పడదు, మీరు లాగే కరెంటును బట్టి పడుతుంది. వంద ఆంపియర్లు లాగితే ఇంజిన్ మీద మూడు హార్స్‌పవర్ భారం. 800 సీసీ ఇంజిన్ ఐడిలింగ్‌లో అది వణుకుగా తెలుస్తుంది.

ఏది కొనాలి

అన్నింటికన్నా మంచిది మీ ఇంజినే ఉన్న పెద్ద వేరియంట్‌కు, లేదా అదే కంపెనీ మరో మోడల్‌కు ఫ్యాక్టరీలో వేసిన ఆల్టర్నేటర్. బిగింపు చెవులు, పుల్లీ, కనెక్టర్ చాలావరకు సరిపోతాయి. మద్రాసు పుదుపేట, బెంగళూరు జేసీ రోడ్డు మనకు సగం రోజు దూరం. పోయేటప్పుడు పాత ఆల్టర్నేటర్ ఫొటోలు తీసుకుపోండి: ముందు నుంచి పుల్లీ గాళ్లు లెక్కపెట్టేలా, వెనక నుంచి కనెక్టర్ పిన్నులు కనిపించేలా, పక్క నుంచి ప్లేటు. చెవి రంధ్రాల మధ్య దూరం, బిగింపు చెవి నుంచి పుల్లీ మొదటి గాడి వరకు దూరం మిల్లీమీటర్లలో రాసుకోండి. ఈ రెండో కొలత ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా బెల్టు నలుగుతూ నెలలోపే పీచులు పోస్తుంది.

కంప్యూటర్ నడిపే ఆల్టర్నేటర్ ఉన్న కారుకు మామూలు రెగ్యులేటర్‌ది వేస్తే బ్యాటరీ లైటు ఆరదు. దీనికి విరుద్ధంగా వేసినా ఛార్జింగ్ ఒకే చోట గడ్డకట్టుకుంటుంది. పిన్నుల సంఖ్య కలిసిందని తృప్తి పడకండి, వాటి పని కలవాలి. సెకండ్ హ్యాండ్ కొంటే దుకాణంలోనే బెంచి మీద తిప్పించి, లోడు వేసి ఆంపియర్లు చూడండి. పుల్లీని చేత్తో తిప్పితే గరగర లేకుండా తిరగాలి.

'ఉన్నదాన్నే వైండింగ్ మార్చి ఆంపియర్లు పెంచేస్తాం' అనే మాటకు మేం ఒప్పుకోం. స్టేటర్, అంటే తీగ చుట్టిన కదలని భాగం, దాని గాళ్లలో చోటు ఉన్నంతే ఉంటుంది. లావు తీగ వేస్తే చుట్లు తగ్గించాలి, చుట్లు తగ్గితే తక్కువ వేగంలో కరెంటు ఇంకా పడిపోతుంది. హైవే మీద పెరిగి, మీకు కావాల్సిన ఐడిలింగ్‌లో తగ్గుతుంది. పాత డయోడ్లకు ఆ వేడి తట్టుకునే శక్తీ ఉండదు. చిన్న పుల్లీ వేసి వేగం పెంచడమూ అలాంటిదే. బెల్టు చుట్టుకునే భాగం తగ్గి జారుతుంది, ఇంజిన్ గట్టిగా తిరిగినప్పుడు లోపల తిరిగే రోటర్ తన వేగం హద్దు దాటుతుంది.

బిగించడం

ముందు మూడు వైర్లు: ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ ప్లస్‌కు, బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, ఇంజిన్ నుంచి బాడీకి. 90 ఆంపియర్ల దాకా 16 చదరపు మిల్లీమీటర్ల రాగి, 120కి 25, 150కి 35. లెక్క చూసుకోండి. మీటరున్నర పొడవు 10 చదరపు మిల్లీమీటర్ల వైరులో 120 ఆంపియర్లు పోతే 0.3 వోల్టు అక్కడే పోతుంది, 25లో 0.12. ఆడియో కిట్లలో వచ్చే లావు వైరు కొసను గోటితో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, వద్దు. లగ్గులు సుత్తితో కొట్టకుండా హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించండి.

ఆల్టర్నేటర్ వైరులో ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి, ఎందుకంటే వైరు బాడీకి తగిలితే మంట పెట్టేది బ్యాటరీయే. 120 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌కు 150 ఫ్యూజు. కారులో ముందునుంచి ఉన్న మెయిన్ ఫ్యూజు 80దో 100దో అయితే ఊరికే దాన్ని ఒక్కటే పెంచకండి. అప్పుడు ఫ్యూజు నిలిచి వైరు కాలుతుంది. రెండూ కలిసే పెరగాలి. వైరు సైలెన్సర్‌కు, టర్బోకు దూరంగా, రేకు దాటే చోట రబ్బరు బుష్‌తో పోవాలి.

బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద కరెంటు కొలిచే చిన్న సెన్సర్ ఉన్న కార్లలో మీ ఆంప్లిఫయర్ ఎర్తును నేరుగా ఆ టెర్మినల్‌కు ఇవ్వకండి, బాడీకి ఇవ్వండి. లేకపోతే ఆ కరెంటు సెన్సర్ కంటికి కనపడదు, కంప్యూటర్ బ్యాటరీ నిండుగా ఉందనుకుని ఛార్జింగ్ తగ్గిస్తుంది. అన్నీ కొత్తవి వేశాక కూడా బ్యాటరీ దిగిపోయే కార్లలో ఇది తరచూ దొరుకుతుంది.

పని మొదలెట్టేముందు బెల్టు దారి ఫొటో తీసుకుని, బ్యాటరీ మైనస్ విప్పండి. ఆల్టర్నేటర్ వెనక బోల్టు ఎప్పుడూ లైవే కాబట్టి మైనస్ విప్పకుండా స్పానర్ పెడితే నిప్పులు రాలతాయి. పాతది దించి, రెండూ పక్కపక్కన పెట్టి పుల్లీ వరుస స్కేలుతో చూసుకున్నాకే కొత్తది ఎక్కించండి. పాత బెల్టు మళ్లీ వేయొద్దు. చేత్తో బిగించే టెన్షనర్ అయితే, పుల్లీల మధ్య పొడవాటి భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కితే సెంటీమీటరు దిగేలా ఉంచండి. మరీ బిగిస్తే ఆల్టర్నేటర్ ముందు బేరింగ్ పోతుంది.

నింపిన బ్యాటరీతోనే మొదటిసారి స్టార్ట్ చేయండి. క్లాంప్ పరీక్ష మొత్తం మళ్లీ చేసి, ముందు రాసుకున్న అంకెల పక్కనే రాయండి. ఐడిలింగ్‌లో అన్నీ వేసినా బ్యాటరీలోకి కరెంటు ఎక్కుతూ ఉండాలి, బీ ప్లస్ వైరులో 0.2 లోపే పోవాలి. ఇరవై నిమిషాల తర్వాత లగ్గుల మీద చేయి పెడితే గోరువెచ్చన దాటకూడదు. ఏ లగ్గు కాలుతుంటే ఆ క్రింపు సరిగా పడలేదు, కోసి మళ్లీ నొక్కించాలి. కొత్త బెల్టు సాగుతుంది కాబట్టి 500 కిలోమీటర్లకు ఒకసారి బిగువు చూసి, అదే చేత్తో బ్యాటరీ మైనస్ విప్పి బీ ప్లస్ నట్టు కూడా ఒకసారి బిగించండి.